పాలిపోయిన కనురెప్ప

ఉదయము ప్రార్థన జరుగుచుండగా బారులు తీరి నిలుచున్న విద్యార్థులలో ఒక బాలిక కళ్ళు తిరిగి క్రింద పడును. చుట్టునున్న వారు ఆమెను నీడకు చేర్చి ముఖముపై నీళ్ళు చల్లుదురు. ఒకరు ఎండ దెబ్బ అందురు. మరొకరు ప్రొద్దున ఏమియు తినకుండ వచ్చినది అందురు. పది నిమిషములలో ఆమె తేరుకొనును, తరగతులు మొదలగును, సంగతి అంతటితో మరుగున పడును. ఆ బాలికయే మధ్యాహ్నపు తరగతిలో కునికిపాట్లు పడుచుండుట, మేడమెట్లు ఎక్కి వచ్చి కొంతసేపు మాటాడలేకుండుట, నిరుడు చక్కగా చేసిన లెక్కలను ఈ ఏడు తప్పుచుండుట వేరు వేరు సంగతులుగా ఉపాధ్యాయులకు తెలిసియే యుండును. అన్నిటికి కలిపి ‘సోమరితనము’ అని పేరు పెట్టుట కూడ తరచుగా జరుగుచుండును.

ఆమెను ఉపాధ్యాయిని కిటికీ దగ్గరకు పిలిచి, పగటి వెలుతురులో, శుభ్రమైన వ్రేలితో కంటి క్రింది రెప్పను మెల్లగా క్రిందికి లాగినచో లోపలి పొర కనబడును. ఆరోగ్యముగా నున్న వారిలో ఆ పొర, ముఖ్యముగా దాని ముందు అంచు, దానిమ్మ గింజ రంగులో నుండును. ఈ బాలికకు అది కడిగిన పత్తివలె వెలవెల బోయి యుండును. ఆరు నెలలుగా ఎవరికిని తోచని సంగతి అర నిమిషములో కంటికి కనబడినది.

అయితే కనబడినది ఏమి? రోగము కాదు, రోగము విడిచిన గుర్తు మాత్రమే. దీపము మసక బారినదనిన నూనె తరిగి యుండవచ్చును, వత్తి పాడై యుండవచ్చును, చిమ్నీకి మసి పట్టి యుండవచ్చును, బుడ్డికి చిల్లి పడి నూనె కారిపోవుచుండవచ్చును. మసకను చూచి నూనె పోయువాడు నాలుగింటిలో ఒక్కసారి మాత్రమే సరియైన పని చేసినవాడగును. రక్తహీనత విషయమున లోకము చిరకాలము చేసిన పొరపాటు ఇదియే. నేటికిని పలువురు చేయుచున్నది ఇదియే.

ఈ గుర్తు అరుదైనది కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో దేశము మొత్తము మీద నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య సుమారు 59, తెలంగాణలో సుమారు 58. వ్రేలి కొన నుండి తీసిన బొట్టును పరీక్షించు పద్ధతి ఉన్నదానికన్న కొంత ఎక్కువగా చూపునని వాదించు శాస్త్రజ్ఞులు కలరు. వారి మాట నిజమే యనుకొని కొంత తగ్గించినను మిగులునది చిన్న సంఖ్య కాదు.

ఎరుపు ఎక్కడిది?

రక్తమునకు ఎరుపునిచ్చునది హెమోగ్లోబిన్ అను పదార్థము. ఇది ఎర్ర రక్తకణములలో నిండి యుండును. ఊపిరితిత్తులలో ఆమ్లజనిని, అనగా ప్రాణవాయువును, పట్టుకొని శరీరములోని మూలమూలలకు మోసికొని పోవుట దీని పని. ఒక్కొక్క హెమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉండును. ప్రాణవాయువు తగులుకొనునది ఆ ఇనుమునకే.

ఎర్రకణములు ఎముకల లోపలి మూలుగలో తయారై, రక్తములోనికి వచ్చి, 120 దినములు తిరిగి నశించును. పెద్దవారి శరీరములో ఇంచుమించు 5 లీటర్ల రక్తము, అందులో 25 లక్షల కోట్ల ఎర్రకణములు ఉండును. ఇన్ని కణములు 120 దినములలో మారవలెననిన సెకనుకు ఎన్ని క్రొత్తవి పుట్టవలెనో విద్యార్థులు లెక్క వేసికొనవచ్చును. ఇంచుమించు 24 లక్షలు వచ్చును. ఈ వాక్యము చదువుటకు పట్టిన కాలములో కోటి కణములు పుట్టి, కోటి కణములు రాలిపోయినవి.

ఇంత పెద్ద కర్మాగారమునకు ముడిసరుకు కూడ అంత కావలెను గదా! కాని శరీరము గొప్ప పొదుపరి. మన దేహములో నున్న ఇనుము మొత్తము 3, 4 గ్రాములు మాత్రమే. నాలుగు చిన్న మేకులకు సరిపోవునేమో. అందులో మూడింట రెండు వంతులు హెమోగ్లోబిన్‌లోనే యుండును. ముదిసిన కణములు నశించినపుడు వాని ఇనుమును శరీరము పారవేయక తిరిగి మూలుగకు అందించును. ఆ విధముగా దినమునకు 20 మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేతులు మారుచుండగా, బయటకు పోవునది ఒక్క మిల్లీగ్రాము మాత్రమే. ఆహారము నుండి రావలసినదియు అంతే. కనుక శరీరమునకు ఇనుము లోపించుటకు ఆహారపు కొరత ఒక కారణము, రక్తము పోవుట రెండవ కారణము. రక్తము పోవుచున్నచో తిండి ఎంత మంచిదైనను చాలకపోవును. ప్రతి నెల ఋతుస్రావము ద్వారా రక్తము పోవుచుండుట వలననే, పన్నెండు పదమూడేండ్లు నిండిన బాలికలకు ఈ చిక్కు బాలురకన్న ఎక్కువగా వచ్చుచున్నది. ఎత్తు పెరుగు వయస్సు, ఋతుస్రావము మొదలగు వయస్సు ఒక్కటే యగుట వారికి రెండు ఖర్చులు ఒకేసారి మీద పడినట్లు.

చూడవలసిన తావులు

ముఖము రంగును బట్టి రక్తహీనతను నిర్ణయించరాదు. చామనచాయ వారి ముఖమున పాలిపోవుట తేలికగా తెలియదు. పుట్టుకతో తెల్లగా నున్నవారు రక్తము నిండుగా నున్నను పాలిపోయినట్లు కనబడుదురు. చర్మపు రంగు అడ్డురాని చోట్లు నాలుగు: క్రింది రెప్ప లోపలి పొర, నాలుక, గోళ్ళ క్రింది మాంసము, అరచేతి గీతలు. ఈ పరీక్ష పగటి వెలుతురులోనే చేయవలెను. పసుపు పచ్చని దీపపు వెలుగులో చూచిన వైద్యుడు కూడ మోసపోవును.

గోళ్ళలో మరి యొక వింత ఉన్నది. ఇనుము లోపము చాలకాలము సాగినచో గోళ్ళు పెళుసెక్కి, నడుమ పల్లమై, అంచులు పైకి లేచి చెంచావలె తయారగును. అట్టి గోటి మీద ఒక నీటిబొట్టు వేసిన జారిపోక నిలుచును. పెదవుల మూలలు చిట్లుట, నాలుక మీది గరుకుదనము పోయి నున్నగా నిగనిగలాడుట కూడ కనబడును. నాలుక నునుపు, పెదవి చిట్లుట ఇతర పోషకముల లోపము వలనను కలుగును గనుక వాని సాక్ష్యము ఒంటరిగా చాలదు.

ఉపాధ్యాయులకు వైద్యునికన్న ముందుగా తెలియు గుర్తు ఒకటి కలదు. బలపములు తిను పిల్లలు ప్రతి పాఠశాలలోను ఉందురు. కొందరు సుద్దముక్కలు, గోడ సున్నము, మట్టి, పచ్చిబియ్యము రహస్యముగా తినుచుందురు. గర్భిణీ స్త్రీలు మట్టిబెడ్డలకు, విభూదికి, బొగ్గులకు ఆశపడుట మన ఇండ్లలో అందరెరిగినదే. దీనిని చెడు అలవాటని కొట్టుటయు, వేవిళ్ళ కోరికయని నవ్వుటయు తప్ప విచారించువారు తక్కువ. ఇనుము లోపించిన వారిలో ఇట్టి వింత ఆకలి మెండుగా కనబడుననియు, ఇనుము ఇచ్చిన కొద్ది దినములకే పలువురిలో అది తనంత తానే పోవుననియు వైద్యులు కనుగొనిరి. ఎందుకట్లు జరుగునో ఇంకను స్పష్టపడలేదు.

మన ప్రాచీన వైద్యులు ఈ సంబంధమును గుర్తించిన సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. చరక సంహితలో పాండురోగమును ఐదు విధములుగా విభజించి, అందొకటి మట్టి తినుట వలన కలుగునదని చెప్పియున్నారు. వారి ఔషధములలో లోహ భస్మములు కలవు. చూపు సూక్ష్మమైనదే. మట్టి తినుటయు, పాలిపోవుటయు కలిసి నడచుచున్నవని వారు చూచిరి. ఏది ముందు, ఏది వెనుక యను ప్రశ్న మాత్రము మిగిలినది. ఇనుము లేమి మట్టి తినిపించును; కొన్ని రకముల మట్టి ప్రేగులలో ఇనుమును పట్టి ఉంచి రక్తములోనికి పోనీయదు; మట్టితో పాటు పురుగుల గ్రుడ్లు కూడ లోనికి పోవచ్చును. కారణము కార్యమగును, కార్యము మరల కారణమగును.

రక్తము పలుచబడినపుడు గుండె చేయు ప్రయత్నము వలన కొన్ని బాధలు పుట్టును. ఒక్కొక్క విడతలో మోయు ప్రాణవాయువు తగ్గినది గనుక విడతలు పెంచవలెను. గుండె వేగముగా కొట్టుకొనును. అదియే దడ. మెట్లెక్కినపుడు, పరుగెత్తినపుడు ఆ ప్రయత్నమును చాలక ఆయాసము వచ్చును. తలనొప్పి, కళ్ళు తిరుగుట, చెవులలో హోరు, దేనిపైనను మనస్సు నిలువకుండుట దీని తోడివే. లోపము మెల్లమెల్లగా ముదిరినచో శరీరము దానికి అలవాటు పడిపోవును. హెమోగ్లోబిన్ సగమునకు పడిపోయినను ఇంటి పనులన్నియు చేయుచు, ‘కొంచెము నీరసము, అంతే’ అను తల్లులు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. కూర్చున్నను ఆయాసము, పాదముల వాపు, గుండెలో నొప్పి, తారువంటి నల్లని విరేచనము కనబడినపుడు మాత్రము ఆ దినమే ఆసుపత్రికి చేర్చవలెను.

కన్ను చూచినది కొలత చెప్పలేదు. లోపము స్వల్పముగా నున్నపుడు రెప్ప ఎర్రగానే కనబడి మోసగించును. కొలత రక్త పరీక్ష వలననే తెలియవలెను. 100 మిల్లీలీటర్ల రక్తములో 12 గ్రాముల హెమోగ్లోబిన్ లేనిచో స్త్రీలకును, 12 మొదలు 14 ఏండ్ల బాలబాలికలకును రక్తహీనత ఉన్నట్లే. పురుషులకు ఈ హద్దు 13, గర్భిణులకు 11. రక్తదాన శిబిరములలో చిరకాలముగా వాడుకలో నున్న ఒక పద్ధతి భౌతికశాస్త్ర విద్యార్థులకు ముచ్చట గొలుపును. విశిష్ట సాంద్రత 1.053 ఉండునట్లు కలిపిన మైలతుత్తపు ద్రావణములో ఒక రక్తపు బొట్టును వేయుదురు. బొట్టు చుట్టు సన్నని పొర యేర్పడి అది కొంతసేపు కరగక నిలుచును. బొట్టు మునిగినచో హెమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తక్కువ కాదు, దాత అర్హుడు. తేలినచో రక్తము పలుచన. ఆర్కిమిడీసు సూత్రము ఆసుపత్రిలో ఉద్యోగము చేయుట ఇదియే! ఇతరుల రక్తము తాకుట ప్రమాదము గనుక ఇది తరగతి గదిలో చేయదగిన ప్రయోగము కాదు.

సోమరితనపు క్రిమి

ఆల్ప్సు పర్వతములలో గోథార్డ్ అను చోట 1872 లో ఒక రైలు సొరంగము త్రవ్వుట మొదలిడిరి. దాని పొడవు 15 కిలోమీటర్లు. కొన్నేండ్లకు అందులో పనిచేయు కూలీలు పాలిపోయి, ఆయాసపడుచు, ఒకరి వెంట ఒకరు మూలబడసాగిరి. సొరంగములోని చెడుగాలి కారణమని కొందరు, తిండి చాలకయని కొందరు అనిరి. 1880 లో ట్యూరిన్ నగరపు శాస్త్రజ్ఞుడు పెరోన్చితో మరణించిన కూలీ ప్రేగులలో వందల కొలది సన్నని పురుగులను చూచెను. అవి 1838 లో ఇటలీ వైద్యుడు దుబీని కనుగొన్న కొంకిపురుగులు. ఇంచుమించు సెంటీమీటరు పొడవు గల ఈ పురుగు చిన్న ప్రేగు గోడను కరచి పట్టుకొని రక్తము పీల్చుచుండును.

అది లోనికి ఎట్లు వచ్చెను? నోటి ద్వారాననియే అందరును తలచిరి. 19వ శతాబ్దము చివర ఈజిప్టులో పనిచేయుచున్న జర్మను శాస్త్రజ్ఞుడు లూస్ చేతిమీద పొరపాటున పురుగు పిల్లలున్న నీటిబొట్టు పడినది. చర్మము ఎర్రబడి దురద పుట్టినది. నీటిబొట్టును తిరిగి పరీక్షింపగా పిల్లలు కనబడలేదు. కొన్ని వారములకు లూస్ మలములోనే పురుగు గ్రుడ్లు కనబడినవి! దారి తేటపడినది. మలముతో నేలపై పడిన గ్రుడ్లు తడి మట్టిలో పొదిగి పిల్లలగును. చెప్పులు లేని పాదమును చీల్చుకొని రక్తములో చేరి, ఊపిరితిత్తులకు పోయి, గొంతుకు ఎక్కి, మ్రింగబడి, ప్రేగులో స్థిరపడును.

1902 లో అమెరికాలో స్టైల్సు అను శాస్త్రజ్ఞుడు దక్షిణ రాష్ట్రములలోని పేద తెల్లవారి మందకొడితనమునకు ఈ పురుగే కారణమని చెప్పినపుడు పత్రికలవారు పరిహాసముగా దానికి ‘సోమరితనపు క్రిమి’ అని పేరు పెట్టిరి. పరిహాసములో నిజము లేకపోలేదు. తరతరములుగా సోమరులని నిందింపబడినవారు నిజముగా రక్తము పోగొట్టుకొన్నవారు.

లెక్క చూడుడు. దక్షిణ భారతమున హెచ్చుగా నున్న జాతి పురుగు ఒక్కటి దినమునకు 0.03 మిల్లీలీటరు రక్తము పోగొట్టును. ఇది లెక్కలోనిది కాదనిపించును. పురుగులు నూరున్నచో దినమునకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90. అందులో పోవు ఇనుము దినమునకు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము. అనగా మామూలు ఖర్చునకు అంతే ఖర్చు తోడైనది. అంబలి, వరి అన్నము తిను పొలము కూలీ ఆ రెండవ మిల్లీగ్రామును ఎక్కడ నుండి తేగలదు? ధాన్యములలో ఇనుము లేకపోలేదు. కాని దానిని ఫైటేట్ అను పదార్థము పట్టి ఉంచుట వలన తినిన ఇనుములో నూటికి 5, 10 వంతులు మాత్రమే రక్తములో చేరును. భోజనముతో త్రాగు టీ దానిని ఇంకను తగ్గించును. అదే భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడియో, జామపండో ఉన్నచో పెరుగును. మాంసము, చేపలలోని ఇనుము ఈ ఆటంకములు లేక సులభముగా చేరును. ఆకుకూర తిన్నంత మాత్రమున రక్తము పట్టునను నమ్మకము సగమే నిజము; ప్రక్కన నిమ్మచెక్క కూడ కావలెను.

2015 నుండి మన దేశమున ఏటేట పాఠశాలలలో నులిపురుగుల నిర్మూలన దినము జరుపుచు ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చుచున్నారు. మాత్ర పురుగును వెళ్ళగొట్టును. పోయిన రక్తమును తెచ్చి ఇవ్వదు. చెప్పులు లేని కాలికి, మరుగుదొడ్డి లేని ఊరికి మరల పురుగు రాకుండ చేయదు.

ఇనుముతో కుదరని పాండురోగము

1928 లో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చెను. అచ్చటి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో మరణించుచుండిరి. ఇనుము ఇచ్చినను గుణము కనబడలేదు. సూక్ష్మదర్శినిలో వారి రక్తము చూచినచో సంగతి వేరుగా నున్నది. ఇనుము లోపించినవారి ఎర్రకణములు చిన్నవై వెలిసిపోయి యుండును. వీరి కణములు పరిమాణములో మామూలు కన్న పెద్దవి! బయటికి ఒకటే పాలిపోవుట. లోపల రెండు వేరు రోగములు. ఆమె వారి ఆహారమును ఆరసి, జంతువులపై ప్రయోగించి, తుదకు ఈస్టు నుండి చేసిన మార్మైట్ అను చౌకబారు ఆహారముతో ఈ రోగము కుదురునని 1931 లో ప్రకటించెను. అందులోని గుణకారి ఏదియో అప్పటికి తెలియదు. ‘విల్సు పదార్థము’ అని పిలిచిరి.

1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థము గల లాటిను మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. విల్సు పదార్థము ఇదియే. దీనిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గము 1945 లో లెడర్లీ ప్రయోగశాలలో దొరికినది. ఆ పరిశోధనకు నాయకుడు భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన యౌవనమున సోదరుని స్ప్రూ అను ప్రేగుల జబ్బు హరించినది. స్ప్రూలో ప్రేగులు ఫోలిక్ ఆమ్లమును పీల్చుకొనలేవు. రోగి పెద్ద కణముల పాండురోగమున కృశించును. ఆ రోగమునకు మందు ఏ తెలుగు ఇంటిలో అవసరమైనదో ఆ ఇంటివాని పర్యవేక్షణలోనే తయారైనది.

పెద్ద కణముల పాండురోగమునకు మరియొక కారణము బి-12 విటమిను లేమి. 1926 లో మైనాట్, మర్ఫీ అను వైద్యులు రోగులకు దినదినము కాలేయము తినిపించి బ్రదికించిరి. 1934 లో విపిల్ అను వారితో పాటు నోబెల్ బహుమతి పొందిరి. కాలేయములోని సారమైన బి-12 ను 1948 లో వేరుచేసిరి. ఇది మొక్కలలో లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసములలో ఉండును. పాలు కూడ అరుదుగా త్రాగు శాకాహారులకును, కడుపులో దానిని పీల్చు శక్తి తగ్గిన ముసలివారికిని లోపము కలుగును. పాలిపోవుటతో పాటు అరికాళ్ళలో తిమ్మిరి, చీమలు ప్రాకినట్లుండుట, నడకలో తూలుట, మతిమరుపు దీని గుర్తులు. ఇచ్చట ఒక ప్రమాదము పొంచి యున్నది. బి-12 లోపించినవానికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడి రోగి కోలుకొన్నట్లే యుండును. నరములు మాత్రము లోలోన చెడిపోవుచునే యుండును.

ఏజెన్సీ ప్రాంతముల ఉపాధ్యాయులు తెలిసికొనవలసిన రోగము వేరొకటి. అక్కడి కొందరు పిల్లలకు రెప్ప తెల్లగా, కంటి తెలుపు మాత్రము లేత పసుపుగా ఉండును. ఎముకలలో, కీళ్ళలో తట్టుకొనలేని నొప్పి వచ్చి పోవుచుండును. పచ్చకామెర్లని ఆకుమందు వేయింతురు, వాతమని కట్లు కట్టుదురు. ఇది కొడవలి కణ రోగము కావచ్చును. హెమోగ్లోబిన్ అణువులోని ఒక గొలుసులో ఆరవ చోట ఒక ఆమినో ఆమ్లమునకు బదులు మరియొకటి చేరుటయే దీని మూలము. ప్రాణవాయువు తగ్గినపుడు గుండ్రని కణము కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, త్వరగా నశించును. నశించిన కణముల హెమోగ్లోబిన్ వలననే కంటి పసుపు. అమెరికాలో 1910 లో మొదట వర్ణింపబడిన ఈ రోగపు లక్షణము మన దేశమున 1952 లో నీలగిరుల గిరిజనులలో కనబడినది. పిదప మధ్య భారతమందును, తెలుగు నాట గిరిజన ప్రాంతములందును కనుగొనిరి. 2023 లో కేంద్ర ప్రభుత్వము దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఇది తల్లిదండ్రుల నుండి సంక్రమించునది. తిండిలోపము కాదు, అంటురోగము కాదు. అట్టి పిల్లవానిని చలిలో నిలబెట్టుట, దాహమునకు నీరు త్రాగనీయకుండుట, ఆయాసము వచ్చువరకు పరుగెత్తించుట నొప్పిని కొనితెచ్చును.

థలసీమియా కూడ వంశమున వచ్చునదే. దాని కణములు ఇనుము లోపించినవానివలె చిన్నవై వెలిసి యుండుటచే సూక్ష్మదర్శిని చూచువారు సైతము పొరబడుదురు. తరచుగా రక్తమెక్కించుకొను ఈ రోగుల శరీరములో ఇనుము పేరుకొని గుండెకు, కాలేయమునకు చేటు చేయును. వారికి ఇనుము మాత్ర మందు కాదు, విషము.

పెద్దవారి విషయమున మరియొక మాట. ఏబది ఏండ్లు దాటిన పురుషునికిగాని, ఋతుస్రావము ఆగిన స్త్రీకిగాని ఇనుము లోపించినచో ‘తిండి చాలలేదు’ అని సరిపెట్టరాదు. లోపల ఎక్కడనో రక్తము కారుచున్నదేమో వెదకవలెను. మూలశంక కావచ్చును, నొప్పిమాత్రలు విడువక మ్రింగుటచే కడుపులో పుట్టిన పుండు కావచ్చును, ప్రేగులలో పుట్టిన క్యాన్సరు కావచ్చును. క్యాన్సరు నొప్పి లేకుండ మొదట చేయు హెచ్చరిక కొన్నిసార్లు ఈ పాలిపోవుటయే. మూత్రపిండములు చెడినను రక్తము తగ్గును. ఎర్రకణములు చేయుమని మూలుగకు ఆజ్ఞ పంపు హార్మోను మూత్రపిండములలో పుట్టును గనుక. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము పల్లెలలో పాలిపోయిన రైతును చూచిన వైద్యుడు మొదట ఆ సంగతి తలచుట సహజము. క్షయ, మలేరియా, కీళ్ళవాపులు కూడ ఇదే ముఖము తొడుగుకొని వచ్చును.

ఇన్ని కారణములున్నను మన ఉన్నత పాఠశాలల బాలికలలో ఎక్కువ మందికి ఉన్నది ఇనుము లోపమే. అందువలననే వారమునకొక నీలిరంగు మాత్ర ఇచ్చుచున్నారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లము ఉండును. ఇది లోపము రాకుండ కాపాడుటకు. లోపము ముదిరినవారికి వైద్యుడు దినదినము ఇచ్చును. మాత్ర వలన కడుపులో వికారము కలుగవచ్చును. అన్నము తిన్న పిదప వేసికొనినచో తగ్గును. మలము నల్లబడును. ఈ నలుపును చూచి భయపడి ఎందరో మాత్రలను కిటికీలోనుండి పారవేయుచున్నారు. ముందే చెప్పినచో పారవేయరు. ఇంటికిచ్చిన మాత్రల సీసా పసిపిల్లలకు అందని చోట ఉంచవలెను. రంగు చూచి మిఠాయి యనుకొని గుప్పెడు మ్రింగిన పసివారికి ప్రాణాపాయము కలుగును.

వైద్యము మొదలిడిన వారము పది దినములకు మూలుగ నుండి క్రొత్త కణములు గుంపుగా బయలుదేరును. నెలకు హెమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరుగును. మామూలు స్థితికి వచ్చిన తరువాత కూడ ఖాళీయైన నిల్వలు నిండుటకు మరి మూడు నెలలు మాత్రలు వేసికొనవలెను. నీరసము తగ్గినదని నడుమ మానివేయువారే ఎక్కువ. నెల గడచిన పిదప మరల రక్త పరీక్ష చేసినపుడు అంకె కదలనిచో మొదటి ప్రశ్న, మాత్ర నిజముగా మ్రింగుచున్నదా అనునది. మ్రింగుచున్నచో టీతో పాటు మ్రింగుచున్నదా? కాదనినచో రక్తము ఎక్కడనైన పోవుచున్నదా, పురుగులు ఉన్నవా, ఋతుస్రావము ఎక్కువ దినములు సాగుచున్నదా? ఈ చివరి ప్రశ్నను బాలిక తల్లిని, లేక పాఠశాలలో ఒక ఉపాధ్యాయిని, ఏకాంతమున అడిగినచోగాని సమాధానము రాదు. అన్నిటికిని కాదనియే సమాధానము వచ్చినపుడు కణముల పరిమాణము, హెమోగ్లోబిన్ రకము చూచు పరీక్షలకు పెద్ద ఆసుపత్రికి పంపవలసి యుండును.